‘ఇది నిజంగా జరిగిందా?’

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కొంత తీసేశాం.)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసినాయన “చాలా పుస్తకాలు చదివిన మనిషి” అన్నారు. నాకంటే ఎక్కువ చదివినవాళ్లు ఈ హాల్లోనే ఓ ఇరవైమంది కనిపిస్తున్నారు. కాబట్టి నాకున్న అర్హత అది కాదు. నేను చాలామందికి చాలా పుస్తకాలు చదవమని చెప్పాను, అందులో సగానికి సగం బెడిసికొట్టాయి. ఆ అనుభవం మాత్రం నాకు పుష్కలంగా ఉంది. (నవ్వులు)

ఒకటి చెప్తాను. నాకు బాగా కావలసిన స్నేహితుడొకడికి భార్య పోయింది. రెండు నెలలు తిరక్కుండా నేనొక పుస్తకం పట్టుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. భర్తను పోగొట్టుకున్న ఒకావిడ రాసుకున్న నిజ జీవిత కథ. నాకు ప్రాణం లాంటి పుస్తకం. వాడికి కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను. వాడు తీసుకున్నాడు, థాంక్స్ చెప్పాడు, బల్ల మీద పెట్టాడు. ఏడాదిన్నర తర్వాత వెళితే అదే బల్ల మీద, అదే మూలన ఉంది. “చదవలేకపోయానురా” అన్నాడు. “మొదట్లోనే వాళ్లాయన కళ్లజోడు గురించి రాసింది. మా ఆవిడ కళ్లజోడు అప్పటికింకా టీవీ పక్కనే ఉంది. మూసేశాను.”

మరి ఆ ఏడాదిన్నరా ఏం చదివావురా అంటే, డిటెక్టివ్ నవలలట! వరసగా ముప్పయ్యో నలభయ్యో. వీడు జన్మలో డిటెక్టివ్ నవల ముట్టుకున్నవాడు కాదు. అదేంటంటే ఏమన్నాడో తెలుసా? “ఎవరు చంపారో, ఎందుకు చంపారో ఆఖరి పేజీకల్లా తెలిసిపోతుంది. అప్పట్లో నాకు అలాంటిదొకటి కావలసొచ్చింది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాళ్లావిడ జబ్బేమిటో డాక్టర్లు చివరిదాకా తేల్చలేదు. వాడికేం కావాలో వాడికి తెలుసు. నేనే అడగలేదు.

సరే, ఈరోజు విషయానికొస్తాను. నవలలు, నిజ జీవిత కథలు ఎవరికైనా చెప్పేటప్పుడు నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: “ఇది నిజంగా జరిగిందా?” చిన్నపిల్లలు కథ వింటూ అడుగుతారు, మనం నవ్వుకుంటాం. పెద్దవాళ్లూ అడుగుతారు, కాకపోతే కాస్త తిప్పి అడుగుతారు. “నేను నవలలు చదవనండీ, అన్నీ కట్టుకథలే కదా, టైం వేస్ట్” అంటారు కొందరు. వీళ్లకు జరిగింది కావాలి. “నిజ జీవిత కథలు వద్దండీ బాబూ, రోజూ చూసే కష్టాలు చాలవా” అంటారు ఇంకొందరు. వీళ్లకు జరగనిదే కావాలి. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాలుగా ఉన్న ఉదాహరణలు నాకు తెలుసు. (నవ్వులు)

ఈ ప్రశ్నకు మనం చెప్పే జవాబులో చాలా నిర్లక్ష్యం ఉంటుంది. పుస్తకం అంటగట్టాలనే ఆత్రంలో “ఆఁ, నిజంగా జరిగిందే!” అనేస్తాం. నేనూ అనేవాణ్ని. ఇప్పుడు అనను. ఎవరైనా అప్పు తీసుకుంటుంటే మనం హామీ సంతకం పెడతాం చూడండి, పుస్తకం చదవమని చెప్పడం అలాంటిది. నవల అప్పేమీ తీసుకోలేదు. “నేను కల్పితం” అని ముందే చెప్పింది. నిజ జీవిత కథ మాత్రం “నన్ను నమ్ము” అని పాఠకుడి దగ్గర నమ్మకం అప్పు తీసుకుంటుంది. అది ఎగ్గొడితే, రచయిత ఎక్కడో ఉంటాడు, దొరికేది సంతకం పెట్టిన మనమే.

నేను అలా దొరికిపోయిన సంగతి చెప్తాను. ‘ఏడు తరాలు’ తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరనుకుంటాను. అలెక్స్ హేలీ అనే అమెరికా నల్లజాతి రచయిత, ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకొచ్చిన కుంటా కింటే అనే పూర్వీకుడి దగ్గర మొదలుపెట్టి, తన వంశం కథగా 1976లో ‘రూట్స్’ రాశాడు. సహవాసిగారు దాన్ని కుదించి తెలుగు చేస్తే 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మనలో చాలామందికి తెల్లవారేదాకా మేలుకుని చదివిన మొదటి పుస్తకం అది. ఒక కుర్రాడికి దాన్నిచ్చి, “ఇది అక్షరాలా జరిగింది బాబూ, రాసినాయన ఏడు తరాల వెనక్కి వెళ్లి కాగితాలు తవ్వి తీశాడు” అని చెప్పాను. వాడు రెండు రోజుల్లో చదివేశాడు. మూడో రోజు మొహం మాడ్చుకుని వచ్చాడు. “సార్, దీని మీద కాపీ కేసు నడిచిందట కదా? వంశవృక్షం కూడా సరిగా కుదరదట కదా? కుంటా కోసం ఏడ్చాను సార్ నేను” అన్నాడు. పుస్తకం మీద కోపం, నా మీద అంతకంటే ఎక్కువ కోపం.

వాడు చెప్పింది నిజమే. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత 1967లో ‘ది ఆఫ్రికన్’ అని నవల రాశాడు. అందులోంచి భాగాలు తీసుకున్నాడని హేలీ మీద కేసు వేశాడు. 1978లో రాజీ కుదిరింది, హేలీ 6 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాడు, ఆ నవలలోని కొంత సరుకు తన పుస్తకంలోకి వచ్చిందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వంశచరిత్రలు పరిశీలించేవాళ్లు పాత రికార్డులు చూసి, హేలీ చెప్పిన వరస వాటితో పొసగడం లేదన్నారు. హేలీ కూడా మరీ దాచిపెట్టలేదు. తన పుస్తకానికి ఆయనే ఒక మాట వాడాడు, ‘ఫ్యాక్షన్’ అని. (నవ్వులు) అవును, మనకు ఆ మాట వినగానే వేటకొడవళ్లు గుర్తొస్తాయి. ఆయన ఉద్దేశం ఫ్యాక్ట్, ఫిక్షన్ రెండూ కలిపితే వచ్చేది అని.

అప్పుడు నేను ఆ కుర్రాడికి మొదటే ఏం చెప్పి ఉండాల్సింది? “ఒకాయన ఇంట్లో అమ్మమ్మల నోట విన్న కథ పట్టుకుని వెతుక్కుంటూ పోయాడు. దొరికినచోట దొరికింది రాశాడు, దొరకనిచోట ఊహించి పూరించాడు. కుంటా కింటే అనే ఒక్క మనిషి విషయంలో అన్నీ ఇలాగే జరిగాయని చెప్పలేం. కానీ ఓడ అడుగున గొలుసులేసి పడుకోబెట్టడం, వేలంలో నిలబెట్టడం, తల్లి ఒళ్లోంచి పిల్లను అమ్మేయడం, ఇవన్నీ లక్షలమందికి జరిగాయి.” ఇంత చెప్పాలి. అట్లాంటిక్ మీదుగా సుమారు కోటీ 25 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారని, వాళ్లలో 18 లక్షల మంది దాకా దారిలోనే పోయారని చరిత్రకారుల అంచనా. ఆ అంకెల్ని ఎవరూ ఒక రాత్రి మేలుకుని చదవరు. కుంటా డోలు చేసుకోవడానికి కర్ర కొట్టుకుందామని వెళ్లి పట్టుబడతాడే, ఆ పేజీ చదువుతారు. నవలకున్న బలం అదీ. బలం అదని చెప్పి ఇస్తే ఎవరికీ కోపం రాదు.

ఆ కుర్రాడికి తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ ఇచ్చాను. 1845లో అచ్చయింది. బానిసగా పుట్టి పారిపోయి వచ్చినవాడు తన చేత్తో తాను రాసుకున్నది. ఇంత బాగా రాసేవాడు బానిస ఎలా అవుతాడని జనం నమ్మలేదు, అందుకని యజమానుల పేర్లు, ఊళ్లు, అన్నీ పెట్టి రాశాడు. దానివల్ల ఏమైంది? పాత యజమానికి తన ఆచూకీ తెలిసిపోయింది. పట్టుకుపోతారన్న భయంతో దేశం వదిలి ఐర్లండ్, బ్రిటన్లలో దాదాపు రెండేళ్లు ఉండాల్సి వచ్చింది. చివరికి అక్కడి స్నేహితులు డబ్బు పోగుచేసి ఆయన స్వేచ్ఛను కొన్నారు. ఒక పేరు నిజంగా రాయడానికి ఎంత ఖర్చవుతుందో చూడండి. నిజ జీవిత కథ విలువ నాకు అక్కడ తెలిసింది.

అప్పట్నుంచి నాకో అలవాటైంది. పుస్తకాలు జంటగా చెప్తాను. ఒక నవల చెబితే, దాని పక్కన ఒక నిజ కథ. ‘ఏడు తరాలు’ చదివినవాళ్లకు డగ్లస్‌తో పాటు వై.బి. సత్యనారాయణగారి ‘మా నాయన బాలయ్య’ చెప్తాను. ఆయన 2011లో ఇంగ్లీషులో రాశారు, తెలుగులోనూ వచ్చింది. ఒక దళిత కుటుంబం తరాల వెంట నడిచిన కథ, రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ పిల్లల్ని చదివించిన తండ్రి కథ. ఎక్కడో సముద్రాల అవతల తరాల గోస చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లు మన మాటలో, మన రైలు పట్టాల పక్కన అలాంటిదే చదివితే ఎలా ఉంటుందో చూడాలని నా కోరిక. చాలామంది మొదటిదానికి ఏడుస్తారు. రెండోదానికి మౌనంగా ఉండిపోతారు. ఎందుకో నేను చెప్పను, రెండూ చదవండి.

ఇంకో జంట. ఇది నాకు ఎంతో ఇష్టమైనది కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఓడ మునిగి దీవిలో ఒంటరిగా చిక్కుకుపోయిన నావికుడి నవల ‘రాబిన్సన్ క్రూసో’ 1719లో వచ్చింది. స్కూలు పుస్తకాల్లో పాఠంగా చదివి వదిలేశాం. ఆ మొదటి ముద్రణ అట్ట లోపలి పేజీలో దాన్ని రాసిన డేనియల్ డెఫో పేరు లేదు. క్రూసో తానే రాసుకున్నాడని ఉంది! కొన్నవాళ్లలో చాలామంది అదొక నావికుడి సొంత కథే అనుకున్నారు. అంటే ‘నిజంగా జరిగిన కథ’ అనే బోర్డు తగిలిస్తే అమ్ముడుపోతుందని మూడు వందల ఏళ్ల కిందటే కనిపెట్టారు. ఇప్పటి సినిమావాళ్లను అనవసరంగా తిడుతున్నాం. (నవ్వులు)

అయితే నిజంగా అలా ఒంటరిగా ఉన్న మనిషి ఒకడున్నాడు. అలెగ్జాండర్ సెల్‌కిర్క్ అని స్కాట్లండ్ నావికుడు. 1704లో ఓడ పాడైపోయింది, ఇది ఎక్కితే మునుగుతాం అని కెప్టెన్‌తో గొడవపడ్డాడు. “ఇక్కడే దింపేయండి” అన్నాడు. దింపేశారు. దిగాక భయమేసి మళ్లీ ఎక్కించుకోమని బతిమాలాడంటారు, కెప్టెన్ ఒప్పుకోలేదు. దక్షిణ అమెరికా పక్కన పసిఫిక్‌లో ఒక దీవి మీద 4 సంవత్సరాల 4 నెలలు ఒంటరిగా ఉన్నాడు. 1709లో ఇంకో ఓడ వచ్చి తీసుకెళ్లింది. ఆ పాత ఓడ సంగతా? నిజంగానే మునిగిపోయింది. గొడవపడ్డవాడు బతికాడు.

క్రూసో దీవిలో ఉన్నది 28 ఏళ్లు, సెల్‌కిర్క్ ఉన్నది నాలుగేళ్లు. ఎవరి పేరు నిలిచింది? 1966లో చిలీ ప్రభుత్వం సెల్‌కిర్క్ ఉన్న దీవికి ‘రాబిన్సన్ క్రూసో దీవి’ అని పేరు పెట్టింది. పాపం సెల్‌కిర్క్‌ను కూడా మర్చిపోలేదు. ఆయన పేరును అక్కడికి దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో దీవికి పెట్టారు. ఆయన ఉన్నది ఆ దీవిలో కాదు! పుట్టని మనిషి వచ్చి బతికున్న మనిషి ఇల్లు ఆక్రమించుకున్నాడు. “నవలలు టైం వేస్ట్” అనేవాళ్లకు నేను ఈ సంగతి చెప్పి ఊరుకుంటాను, వాదించను.

దీనికి జంటగా నేనిచ్చే నిజ కథ సెల్‌కిర్క్‌ది కాదు. గేబ్రియల్ గార్సియా మార్కెజ్ రాసిన నావికుడి కథ. మార్కెజ్ అనగానే ఆయన నవలల్లో గాల్లోకి ఎగిరిపోయే అమ్మాయిలు, ఏళ్ల తరబడి కురిసే వానలు గుర్తొస్తాయి. కానీ 1955లో ఆయన కొలంబియాలో ‘ఎల్ ఎస్పెక్టడోర్’ అనే పత్రికలో రిపోర్టరు. నేవీ ఓడ మీంచి ఎనిమిదిమంది సముద్రంలో పడిపోయారు. వెలాస్కో అనే ఒక్కడు పదిరోజులు తెప్ప మీద కొట్టుకుపోయి ఒడ్డుకు చేరాడు. ప్రభుత్వం వాణ్ని హీరోను చేసింది. వాచీల కంపెనీ ప్రకటనలో కూడా కనిపించాడు. అందరూ అన్నీ రాసేశాక, ఇక అంతా పాతబడిపోయాక, వాడు ఈ పత్రిక ఆఫీసుకొచ్చాడు. మార్కెజ్ వాణ్ని రోజుకు ఆరు గంటల చొప్పున 20 రోజులు కూర్చోబెట్టి అడిగాడు. మధ్యమధ్య వాడు చెప్పేదాంట్లో పొసగనివి పట్టుకోవడానికి మెలికలు పెట్టి మరీ అడిగాడు. 14 భాగాలుగా పత్రికలో వచ్చింది.

అలా అడుగుతుంటే అసలు సంగతి బయటపడింది. తుఫాను లేదు! డెక్కు మీద ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు అక్రమంగా తెస్తున్నారు. గాలికి ఓడ ఒరిగితే తాళ్లు తెగి ఆ సరుకుతో పాటు మనుషులు కూడా కొట్టుకుపోయారు. నియంత ప్రభుత్వానికి ఎలా ఉంటుంది? హీరో ఉద్యోగం పోయింది, కొన్ని నెలలకు పత్రిక మూతపడింది, అప్పటికి పారిస్‌లో ఉన్న మార్కెజ్ అక్కడే జీతం లేకుండా మిగిలిపోయాడు. 1970లో పుస్తకంగా వచ్చినప్పుడు రాయల్టీ నావికుడికే చెందాలన్నాడు. పుస్తకంలో ‘నేను’ అన్నది వెలాస్కో, మార్కెజ్ కాదు. అందుకని.

చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. నవల అంటే మొహం తిప్పుకునేవాళ్లకు ఇది ఇస్తాను. చదివి వచ్చి “భలే ఉందండీ నవల” అంటారు. (నవ్వులు) అప్పుడు మెల్లగా అసలైన నవల ఒకటి చేతిలో పెడతాను. ఇప్పటిదాకా ఈ పన్నాగం పెద్దగా బెడిసికొట్టలేదు.

తిమింగలాల జంట కూడా ఉంది గానీ అది అందరికీ చెప్పను. ‘మోబీ డిక్’ 1851లో వచ్చింది. దాని వెనక 1820లో ఒక తిమింగలం గుద్దడం వల్ల మునిగిన ‘ఎసెక్స్’ అనే ఓడ ఉంది. ఇరవైమంది చిన్న పడవల్లోకి దిగారు, చివరికి మిగిలింది ఎనిమిదిమంది. దగ్గర్లో దీవులున్నాయి, కానీ అక్కడ నరమాంసం తినేవాళ్లుంటారేమోనని భయపడి చుట్టూ తిరిగి దూరం వెళ్లారు. నెలల తరబడి సముద్రంలో ఉండి, ఆఖరికి చనిపోయిన తోటివాళ్లను వాళ్లే తినాల్సి వచ్చింది. ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ కింది అధికారిగా ఉన్న ఓవెన్ చేజ్ మరుసటి ఏడాదే ఇదంతా రాశాడు. ఎవరికైనా ముందు ఈ చిన్న నిజ కథే చెప్తాను. నవలలో తిమింగలాల రకాల మీద అధ్యాయాలకు అధ్యాయాలు ఉంటాయి. వాటిని దాటేసి చదవండి, తర్వాత కావాలంటే వెనక్కి రావచ్చు. దాటేయమని చెప్పినందుకు ఇక్కడున్న ఇంగ్లీషు మేష్టార్లు నన్ను క్షమించాలి.

ఇక మాటిచ్చి తప్పిన పుస్తకం ఒకటి. ట్రూమన్ కపోటీ ‘ఇన్ కోల్డ్ బ్లడ్’, 1966. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో 1959లో ఒకే కుటుంబంలో నలుగురిని చంపేశారు. కపోటీ ఏళ్ల తరబడి తిరిగి రాశాడు. దీన్ని నాన్‌ఫిక్షన్ నవల అన్నాడు, అంతా నిజమేనని గట్టిగా చెప్పుకున్నాడు. అద్భుతంగా రాశాడు, అందులో సందేహం లేదు. కానీ చివర్లో శ్మశానంలో డిటెక్టివ్, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు కలుసుకునే సన్నివేశం కల్పించిందని తేలింది. ఒక్క సన్నివేశమే కదా అంటారు. నాకు అలా అనిపించదు. ఆ ఒక్కటి తెలిశాక నేను వెనక్కి వెళ్లి ప్రతి సంభాషణనీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. తలుపు వేశానా లేదా అని ఒకసారి అనుమానం వస్తే ఇక నిద్ర పట్టదు కదా, అలా. ఈ పుస్తకం ఇప్పటికీ చెప్తాను, కానీ ఈ ముక్క చెప్పాకే ఇస్తాను.

అబద్ధం చెప్పకుండా, అలంకారం జోలికి పోకుండా ఎలా రాయొచ్చో చూడాలంటే జాన్ హెర్సీ ‘హిరోషిమా’ ఉంది. 1946 ఆగస్టు 31న ‘ది న్యూయార్కర్’ పత్రిక తన సంచిక మొత్తాన్నీ ఆ ఒక్క రచనకే ఇచ్చేసింది. బాంబు పడ్డాక బతికిన ఆరుగురి కథ. ఒక గుమాస్తా అమ్మాయి, ఇద్దరు డాక్టర్లు, ఒక దర్జీ భార్య, ఆయన యుద్ధంలో పోయాడు, ఇద్దరు క్రైస్తవ మతబోధకులు. బాంబు పడిన క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో అక్కడ మొదలవుతుంది. ఎక్కడా “అయ్యో” అనడు. మనమే అనుకుంటాం. నలభై ఏళ్లకు 1985లో మళ్లీ వెళ్లి ఆ ఆరుగురూ ఏమయ్యారో చూసి ఇంకో అధ్యాయం కలిపాడు. ఆ అధ్యాయం కోసమైనా చదవాలి, ఎందుకంటే నిజ కథలు చాలావరకు కెమెరాలు వెళ్లిపోయినచోట ఆగిపోతాయి.

ఇలాంటి బరువైన పుస్తకాలు చెప్పేటప్పుడు మాత్రం నేను ముందే అడుగుతాను, “ఇప్పుడు ఇంట్లో పరిస్థితులు ఎలా ఉన్నాయి?” అని. నవ్వులాటకు కాదు. పరీక్షల టెన్షన్లో ఉన్నవాళ్లకు, ఆస్పత్రి కుర్చీల్లో రాత్రిళ్లు గడిపేవాళ్లకు ప్రీమో లెవీని ఇస్తే ఎలా? లెవీ ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం నుంచి బతికి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. దాని గురించి ఆయన రాసిన పుస్తకాన్ని మొదట ఒక పెద్ద ప్రచురణ సంస్థే వద్దంది. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 కాపీలు వేస్తే అవీ మొత్తం పోలేదు. 1958లో మళ్లీ అచ్చయ్యాక గానీ జనం చదవలేదు. ప్రపంచమే చదవడానికి పదేళ్లు తీసుకుంది. మన స్నేహితుడు ఏడాదిన్నర తీసుకుంటే తప్పేముంది?

ఇప్పటిదాకా అన్నీ చావులూ మునకలూ చెప్పాను, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. (నవ్వులు) కాస్త గాలి మార్చుకుందాం.

చదవడం ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు, ముఖ్యంగా “మా పిల్లాడు పుస్తకం ముట్టుకోడండీ” అనే తల్లిదండ్రులకు ‘రైలుబడి’ చెప్తాను. పిల్లాడికి కాదు, తల్లిదండ్రులకే. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘టొట్టోచాన్’కి తెలుగు అది, మూలం 1981లో వచ్చింది. పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా ఉన్న బడి. అల్లరి చేస్తోందని ఒక బడి వద్దన్న పిల్లను అక్కడికి తీసుకెళ్తే, హెడ్మాస్టరు కొబయాషిగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని “నీకు చెప్పాలనిపించినవన్నీ చెప్పు” అంటాడు. ఆ పిల్ల నాలుగు గంటలు మాట్లాడుతుంది. ఆయన వింటాడు. ఇది నిజంగా జరిగిందా అని ఈ పుస్తకానికి అందరూ అడుగుతారు. జరిగింది. ఆ బడి 1945 బాంబు దాడుల్లో కాలిపోయింది. అది కూడా జరిగింది.

తెలుగులో నవలలు చదవడం ఆపేసిన ఆడవాళ్లకు, మగవాళ్లకు కూడా, డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైంది. ఆవిడ రాసిన ఒకే నవల. 1961లో, ఇంకా చిన్న వయసులోనే పోయారు. కథ చెప్పను. ఒక్క పని చేయండి, చదివాక ఇందిర గురించి మీ ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడండి. ఇందిర మంచిదా, స్వార్థపరురాలా, గడుసుదా, పాపమా? ఈ ప్రశ్నతో నేను కనీసం మూడు స్నేహాలు చెడగొట్టుకున్నాను. ఆ నవల “నిజంగా జరిగిందా” అని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. అందరూ ఇందిరను ఎక్కడో చూసినవాళ్లలాగే మాట్లాడతారు.

‘అంపశయ్య’ మాత్రం హాస్టల్లో ఉండే కుర్రాళ్లకు ఇవ్వండి. 1969 నాటి నవల, ఒక విద్యార్థి ఒక రోజు బుర్రలో తిరిగే రొద. రచయిత పేరులోకి నవల పేరు వచ్చి కూర్చుంది, అంపశయ్య నవీన్ అయిపోయారు. పెళ్లై పిల్లలున్నవాళ్లకు ఇస్తే “ఈ కుర్రాడు కాస్త పని చేసుకోవచ్చు కదా” అంటారు, నాకు జరిగింది. (నవ్వులు)

పాత నిజ కథల్లో ఒకటి చెప్పి ముగింపుకొస్తాను. ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసినాయన. 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు, వెంట వందమంది దాకా జనం. దారిలో చూసింది చూసినట్టు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి రాస్తూ పోయారు. 1838లో అచ్చయింది. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది, పల్లకీ మోసే బోయీలు ఎక్కడ ఇబ్బంది పడ్డారు, అన్నీ ఉంటాయి. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవమని ఎవరికీ చెప్పకండి, పారిపోతారు. ఎవరిదైనా సొంత ఊరు ఆ దారిలో ఉందేమో కనుక్కుని, ఆ పేజీ వెతికి, అక్కడ ఒక కాగితం ముక్క పెట్టి ఇవ్వండి. దాదాపు రెండు వందల ఏళ్ల కింద తన ఊళ్లోకి వచ్చిన మనిషిని చదువుతుంటే ఎవరికైనా ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పాలనిపిస్తుంది.

టైం అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: పుస్తకం సగంలో ఆపేస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఏం చేయాలి?)

ఆపేయండి. ఫ్రాన్స్‌లో డేనియల్ పెనాక్ అని ఒక రచయిత, టీచరు కూడా, 1992లో పాఠకుడి హక్కులు పది అని రాశాడు. పూర్తిచేయకుండా వదిలేసే హక్కు అందులో ఒకటి, పేజీలు దాటేసే హక్కు ఇంకోటి. అసలు చదవకుండా ఉండే హక్కే మొదటిది! నేను ఇంకోటి కలుపుతాను, “ఎలా ఉంది, చదివావా?” అని అడిగించుకోకుండా ఉండే హక్కు. ఇచ్చినవాళ్లు వారానికోసారి ఫోన్ చేసి అడుగుతారు చూడండి, దానంత హింస లేదు. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను.

(ఇంకో శ్రోత: ఆత్మకథలో రచయిత అబద్ధం చెబుతున్నాడని చదివేటప్పుడే తెలుసుకోవచ్చా?)

పూర్తిగా తెలియదండీ. నేను చూసేది ఒకటుంది. ఆ పుస్తకంలో రచయిత ఎన్నిసార్లు తప్పు చేశాడు? మూడు వందల పేజీల్లో ఒక్కసారి కూడా ఆయన సిగ్గుపడే పని చేయకపోతే నాకు అనుమానం మొదలవుతుంది. ఇంకోటి, ముప్పయ్యేళ్ల నాటి సంభాషణ కామాలతో సహా గుర్తున్నట్టు రాస్తే. నాకు పొద్దున మా ఆవిడ ఏం తెమ్మందో గుర్తుండదు. (నవ్వులు) “ఇక్కడ నాకు సరిగా జ్ఞాపకం లేదు” అని రాసినాయన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

(మరో శ్రోత: మొదట్లో చెప్పిన మీ స్నేహితుడు ఆ పుస్తకం ఆఖరికి చదివారా?)

లేదు. అదింకా ఆ బల్ల మీదే ఉంది, నేనూ అడగలేదు. వాడే పోయిన వారం నాకొక డిటెక్టివ్ నవల ఇచ్చాడు, తప్పకుండా చదవమని. సగం చదివాను, బాగానే ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చావని అడిగి, హంతకుడెవరో కూడా చెప్పేశాడు.